చిలకమ్మ నోట్లో దీపం

నవంబరు 4, సోమవారం

ఈ రోజు ఒక అమ్మాయి వచ్చింది. పేరు ఆశాజ్యోతి. తల్లిదండ్రులది తణుకు వైపు. తండ్రి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి గాజువాకలో ఇల్లు కట్టుకున్నారట. ఈ పిల్ల అక్కడే పుట్టింది. ఇప్పుడు హైదరాబాదులో సీరియళ్ళు తీసే కంపెనీలో అసిస్టెంటు డైరెక్టరు. ఆనందపురం జంక్షన్లో బస్సు దిగి, పూల మార్కెట్టులో పైడమ్మ టీచర్ ఇల్లెక్కడ అని అడిగితే ముగ్గురు కలిసి తీసుకొచ్చి దింపారు.

"ముగ్గురూ మీ స్టూడెంట్లేనంట టీచర్ గారూ. ఒకాయన మీరు మెలేసిన చెవి కూడా చూపించారండి" అంది.

సాయమ్మ మొదటి నవలను సిరీస్‌గా తీస్తున్నారు. జపాను వాళ్ళూ, హైదరాబాదు వాళ్ళూ కలిసి. కథ విశాఖపట్నంలోదే కాబట్టి షూటింగు ఇక్కడే. ఆ నవలలో వంటమనిషి మా అమ్మ చిలకమ్మ. అందుకని నా దగ్గరికి వచ్చింది.

సాయమ్మ అసలు పేరు హినోసె సయోకో. వాళ్ళ దేశంలో పెద్ద రచయిత్రి. అమ్మకు ఆ పేరు నోరు తిరగక సాయమ్మను చేసింది. నాకూ అదే అలవాటు.

చాలా అడిగింది. చీర ఎంత కిందికి కట్టేది. ముక్కుకు ఏం పెట్టేది. చోడంబలి పలచగా కాచేదా, చిక్కగానా. అన్నీ చెప్పాను. లేచి వెళ్ళబోతూ అడిగింది.

"టీచర్ గారూ, మీ అమ్మగారు నోట్లో నిప్పు పెట్టుకునేవారని నవలలో ఉందండి. నోరు తెరిస్తే లోపల దీపం వెలిగేదంట. మా డైరెక్టర్ గారు అది సింబాలిక్ అంటున్నారు. నిజంగా ఏమన్నా ఉందాండి?"

"లేదమ్మా" అన్నాను.

"అసలు అలాంటిదేం లేదాండి?"

"అప్పటికి సాయమ్మ చిన్నపిల్ల కదా. ఊహించుకుని ఉంటుంది."

ఫోనులో ఎక్కించుకుంది. టీ తాగి వెళ్ళింది.

అమ్మ చుట్ట తాగేది. అడ్డపొగ. వెలిగే కొస నోట్లో, చల్లటి కొస బయట. మా వైపు ఆ కాలపు ఆడవాళ్ళు అలాగే తాగేవారు. తణుకు పిల్లకు తెలియదు. తెలియజెప్పవలసిన అవసరం నాకు కనిపించలేదు.

నవంబరు 5

అబద్ధం కాదు. ఆమె అడిగింది నిప్పు గురించి. నిప్పు వేరు, చుట్ట వేరు.

నవంబరు 9, శనివారం

పొద్దున్నుంచి బంగళా గుర్తొస్తోంది. పని ఏదీ సాగలేదు. రాసేస్తే పోతుంది.

నాన్న రేవులో కళాసీ. ఓడల్లోకి ఇనుప ఖనిజం ఎత్తే యంత్రాలు బిగించడానికి జపాను ఇంజనీర్లు వచ్చారు. వారిలో ఒకాయన బంగళాలో వంటకు మనిషి కావాలంటే నాన్న అమ్మను తీసుకెళ్ళాడు. వెనక గది ఇచ్చారు. ఊళ్ళో పొలం పనులకు పోయే మనిషి, గ్యాసు పొయ్యి చూసి రెండు రోజులు దాని దగ్గరికి వెళ్ళలేదు. తమ్ముడు దేవీప్రసాద్ అప్పటికి చంకబిడ్డ. నాకు ఎనిమిదేళ్ళు. ఇంజనీరు గారి అమ్మాయికీ ఎనిమిదే.

బంగళాకు సముద్రం వైపు వరండా. తీగ మీద ఆరేసిన బట్టలు సాయంత్రానికి ఖనిజం దుమ్ముతో ఎర్రబడేవి. దొరసాని మళ్ళీ ఉతికించేది. అమ్మ ఉతికేది, మళ్ళీ ఎర్రబడేవి. మూడేళ్ళూ అదే.

ఆ పిల్లకు మన మాట రాదు, నాకు వాళ్ళ మాట రాదు. నేను మునిసిపల్ స్కూలు నుంచి వచ్చేసరికి గేటు పట్టుకుని నిలబడేది. గవ్వలాట నేర్పాను. కాగితంతో కొంగను చేయడం నేర్పింది. నాకు రాలేదు. నేను చేసిన ప్రతి కొంగా కప్పలాగే ఉండేది.

పని అయ్యాక అమ్మ వరండా మెట్టు మీద కూర్చుని అడ్డపొగ పెట్టేది. నాట్లు వేసేవాళ్ళకు చేతులు ఖాళీ ఉండవు, పైగా వాన. నిప్పు నోట్లో ఉంటే ఆరదు. అలా మొదలైన అలవాటు అని చిన్నమ్మ చెప్పేది. బంగళాలో వానా లేదు, నాట్లూ లేవు. అలవాటు మాత్రం ఉంది.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. అమ్మ చుట్ట నోట్లో ఉండగానే నాతో ఏదో మాట్లాడుతూ నవ్వింది. పళ్ళ వెనక ఎర్రగా కనిపించింది. సాయమ్మ చూసింది. మోకాళ్ళ మీద పాక్కుంటూ అమ్మ ముఖం దగ్గరికి వచ్చింది.

"ఏటి?" అంది అమ్మ.

ఆ పిల్ల వేలు పెట్టి చూపించింది. అమ్మ ఒక దమ్ము లాగి, పెదవులు విడదీసి, నోరు తెరిచింది. లోపల నిప్పు. పళ్ళ మీద, నాలుక మీద ఎర్రటి వెలుగు. పిల్ల వెనక్కి పడి నవ్వింది. ఆపలేనంతగా నవ్వింది. నేను, తెలిసినదానిలా, "దీపం" అని చెప్పాను. ఆమె నేర్చుకున్న మొదటి తెలుగు మాట అదే.

ఆ తర్వాత రోజూ సాయంత్రం వచ్చి అడిగేది. "చిరకమ్మా, దీపం." 'ల' పలికేది కాదు. అమ్మ నోరు తెరిచేది.

వాళ్ళు వెళ్ళిపోయిన రోజు పిల్ల అంబలి సగం తాగి వదిలేసింది. అమ్మ ఆ గిన్నె సాయంత్రం దాకా కడగలేదు. ఎందుకో అడగలేదు.

నవంబరు 11, సోమవారం

తమ్ముడు వచ్చాడు. స్టీలు ప్లాంటులో రిటైరయ్యాక వాడికి పని లేదు. గాజువాక నుంచి రెండు బస్సులు మారి నా చేతి కాఫీ తాగడానికి వస్తాడు. విషయం చెప్పాను.

"అమ్మ సుట్ట తాగనేదని సెప్పినావేటి అప్పా! ఊరంతా తెలిసిందే గదా. మన యమ్మ ఎళ్తుంటే పొగబండి వచ్చినట్టే ఉండీది."

"సినిమాలో చూపిస్తే పిల్లలు చూసి నేర్చుకుంటారురా."

"ఏటి? ఈ కాలం గుంటలు సుట్ట తిరగేసి తాగుతారా? సెల్లు తిరగేసి సూడమంటే సూత్తారు గానీ."

"టీచరుగా అన్నాను."

"టీచరుగా అన్నావో, కూతురుగా అన్నావో" అన్నాడు. కాఫీ చప్పరించాడు. "సక్కెర సాలనేదు."

చక్కెర సరిపోయింది.

నవంబరు 15, శుక్రవారం

కార్తీక పౌర్ణమి. గుమ్మం ముందు దీపాలు పెడుతుండగా ఆశాజ్యోతి మళ్ళీ వచ్చింది. ఈసారి పలక లాంటి కంప్యూటరు తెచ్చింది. సాయమ్మ నవలల మీద వచ్చినవన్నీ అందులో ఉన్నాయట. ముక్కలు ముక్కలుగా చూపించింది.

మొదటిది చాలా ఏళ్ళ కిందటి టీవీ నాటకం. అందులో మా అమ్మ పడుచుపిల్ల. తెల్ల గౌను. కొవ్వొత్తి పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి సముద్రంలోకి చూస్తుంది. అమ్మ జన్మలో సముద్రంలోకి చూడలేదు. వీపు తిప్పి కూర్చునేది.

రెండోది సినిమా. దానికి బహుమతులు వచ్చాయట. అందులో అమ్మ గారడీ మనిషి. బజారులో నిప్పులు మింగుతుంది. మాట రాదు. అమ్మకు మాట రాకపోవడం ఒకటి.

మూడోది కార్టూను. ఒక నక్క నోట్లో నిప్పు దాచుకుని ఆడమనిషిగా మారుతుంది.

"ఇది చిన్నప్పుడు డబ్బింగులో చూశానండి. సెలవుల్లో రోజూ వచ్చేది. ఆ నక్క మీ అమ్మగారని నాకిప్పుడే తెలిసింది" అంది ఆశాజ్యోతి.

నక్క ఒకసారి నవ్వింది. తల పక్కకు వాల్చి, భుజంతో మూతి తుడుచుకుంటూ. అమ్మ అలాగే నవ్వేది. మూడింటిలోనూ అదొక్కటే మా అమ్మ. సాయమ్మ ఏదో ఒక పుస్తకంలో రాసి ఉంటుంది.

మొత్తం తొమ్మిది నవలలు. ప్రతిదీ ఇక్కడికి పంపింది. అన్నీ వాళ్ళ లిపిలోనే. మొదటిది వచ్చినప్పుడు అమ్మ ఉంది. చదువు రాని మనిషికి తెలుగైనా జపానైనా ఒకటే. అట్ట వెనక ఫోటో చూసి, "సాయమ్మ సిక్కిపోనాది. తిండి పెట్టీవోలు నేరు కాబోలు" అంది. ఆ ఒక్క నవలే ఇంగ్లీషులోకి వచ్చింది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక వేసవి సెలవులంతా చదివాను. చదివింది చదివినట్టు మూసేశాను.

పలక మూసి ఆశాజ్యోతి చెప్పింది.

"హినోసె గారు ముప్పై ఏళ్ళుగా ఏ ఇంటర్వ్యూలో అడిగినా ఒకటే చెబుతున్నారండి. నా పుస్తకాల్లో అన్నీ కల్పించినవే, ఆ నోట్లో దీపం ఒక్కటే కల్పించలేదు, కళ్ళారా చూశాను అని. మీరు లేదన్నారని మా డైరెక్టర్ గారు ఆవిడకి మెయిల్ పెట్టారు. ఆవిడ రిప్లై ఇచ్చారు."

"ఏమని?"

"వాళ్ళమ్మ సంగతి ఆ అమ్మాయికే తెలుస్తుంది, నేనే కల్పించుకుని నిజమనుకున్నాను అన్నారండి. సిరీస్‌తో పాటు మొదటి నవల కొత్తగా అచ్చేస్తున్నారు. చివర్లో ఒక మాట రాస్తానన్నారు. అది నిజంగా జరగలేదని. ఇన్నేళ్ళూ పాఠకులకి తప్పు చెప్పానని. అది వచ్చే నెల ప్రింటుకి వెళ్ళిపోతుంది."

"మరి మీ సిరీస్‌లో?"

"చేతిలో ఇత్తడి దీపం పెడుతున్నామండి."

నేను వత్తులు సరిచేశాను. "బాధపడిందా?" అని అడిగాను.

"మెయిల్లో తెలీదు కదండీ. షూటింగుకి వస్తున్నారు. మిమ్మల్ని కలవాలన్నారు."

నవంబరు 16

మంచిదే. దీపం చేతిలో ఉంటే చూడటానికి బాగుంటుంది.

నవంబరు 17

మంచిదే అని నిన్న రాశాను.

నవంబరు 21, గురువారం

లేదనడానికి కారణాలు చాలా ఉన్నాయి. రాసి పెడితే మంచిది.

టీచరు ట్రైనింగులో ఉన్నప్పుడు అమ్మ నన్ను చూడటానికి హాస్టలుకు వచ్చింది. గేటు దగ్గర నోట్లో చుట్టతో నిలబడింది. ముక్కులోంచి పొగ. పైనుంచి చూసిన పిల్లలు కిందికి దిగి వచ్చి చుట్టూ చేరారు. అమ్మ వాళ్ళకీ నోరు తెరిచి చూపించింది. ఆడపిల్లలు నవ్వితే సాయమ్మ నవ్వులాంటిదే అనుకుంది. అది అలాంటిది కాదు. ఏడాది పొడుగునా నా పేరు పొగబండి.

ఇది ఒక కారణం.

రెండోది. అమ్మకు అంగుడి మీద తెల్లమచ్చ వచ్చింది. తర్వాత పుండు. పెద్దాసుపత్రిలో డాక్టరు నోరు తెరవమన్నాడు. అమ్మకు తెరవడం అలవాటే. టార్చి వేసి, నన్ను దగ్గరికి పిలిచి, "చూడమ్మా, నిప్పు ఎన్నేళ్ళు పెట్టుకుందో" అన్నాడు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. ఆ నోట్లోకి చూడలేదు. ఏడు నెలలకు పోయింది.

ఆ తర్వాత ఏడాదికొకసారి ఊళ్ళల్లో పిల్లలతో ఊరేగింపు తీసేదాన్ని. పొగాకు వద్దని అట్టలు పట్టించేదాన్ని. ముసలమ్మల చేతుల్లోంచి చుట్టలు లాగేసేదాన్ని. అది మంచి పనే. ఇప్పటికీ మంచి పనే అంటాను.

సాయమ్మ చూసింది కూడా జరిగిందే. అది కాదనడానికి పై రెండూ సరిపోతాయా అన్నది వేరే సంగతి.

డిసెంబరు 2, సోమవారం

భీమిలిలో పాత బంగళా ఒకటి అద్దెకు తీసుకున్నారు. మా బంగళా కొట్టేసి ఎన్నో ఏళ్ళయింది. అయినా ఇది దాని పోలికలోనే ఉంది. మెట్లు ఎక్కువ, అంతే. తీగ మీద బట్టలకు ఎర్రరంగు చల్లుతున్నారు. ఎవరు చెప్పారని అడిగితే నవలలో ఉందన్నారు.

ఆశాజ్యోతి కారు పంపింది. దిగేసరికి వరండాలో పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టుతో ఒక మనిషి కుర్చీలో ఉంది. నన్ను చూసి లేవబోయింది. మోకాళ్ళు సహకరించలేదు. ఒక కుర్రాడు పట్టుకుని లేపాడు. నేను నమస్కారం పెట్టాను. ఆమె నడుము వంచింది. నేను మళ్ళీ పెట్టాను. ఆమె మళ్ళీ వంచింది. ఎవరు ముందు ఆపాలో తెలియలేదు.

"అంబరి" అంది నన్ను చూపిస్తూ. 'ల' ఇప్పటికీ రాదు. తర్వాత "గవ్వ." తర్వాత "ఏటి."

మిగిలినవి మరిచిపోయిందట. తను ఇంగ్లీషులో చెబితే ఆశాజ్యోతి తెలుగులో చెప్పింది. నేను కొంగ చేయడం నేర్చుకున్నానా అని అడిగింది. లేదన్నాను. నవ్వింది. టిఫిను తెచ్చారు, తిన్నాం. ఇద్దరమూ ముసలివాళ్ళమయ్యామని ఎవరో ఫోటో తీస్తుంటే తెలిసింది.

అప్పుడు ఆమె కప్పు కింద పెట్టి నెమ్మదిగా చాలాసేపు మాట్లాడింది. ఆశాజ్యోతి విని చెప్పింది.

"మీ అమ్మగారి నోట్లో లేని నిప్పు పెట్టాను, ఊరూరా దాన్ని అమ్ముకున్నాను, క్షమించమని అడుగుతున్నారండి."

ఆమె మళ్ళీ నడుము వంచింది. ఈసారి లేవడానికి చాలాసేపు పట్టింది.

నేను "పరవాలేదు" అన్నాను.

అటువైపు మా అమ్మగా వేసే అమ్మాయి ఇత్తడి దీపం పట్టుకుని నడవడం సాధన చేస్తోంది. బాగానే నడుస్తోంది.

డిసెంబరు 3

పరవాలేదు అన్నాను. పరవాలేదట.

డిసెంబరు 4, బుధవారం

చిన్నమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మకు చెల్లెలు, రామలక్ష్మమ్మ. ఆ తరంలో మిగిలింది ఆమె ఒక్కతే. ఆనందపురం నుంచి షేరు ఆటోలో పావుగంట. అరుగు మీద కాళ్ళు చాపుకుని పొగాకు ఈనెలు తీస్తోంది.

"ఏటే పైడీ, ఇలగొచ్చినావు?"

"ఒక చుట్ట కావాలి చిన్నమ్మా."

"ఎవలికి?"

"నాకే."

కిందికీ పైకీ చూసింది. "ఓలమ్మో! ఊరేగింపుకాడ నా సుట్ట లాగేసి నూతిలో ఇసిరినావు. గుంటలసేత సప్పట్లు కొట్టించినావు. ఇప్పుడు నీకే కావాలేటి?"

కూర్చుని మొత్తం చెప్పాను. ఆశాజ్యోతి అడిగింది, నేను లేదన్నది, సాయమ్మ రాయబోయేది. చిన్నమ్మ ఈనెలు తీయడం ఆపలేదు.

"పిండిబొమ్మనాగ తెల్లగుండీది, ఆ గుంటేనా? మీ యమ్మ దాని గురించి సెప్పి సెప్పి సంపీది. అయితే, మీ యమ్మ సుట్ట తాగనేదని సెప్పినావా?"

"ఆఁ."

"మరి నాట్లకాడ దాని నోట్లోది అగరొత్తేటే?"

నవ్వొచ్చింది. ఈ నెల్లాళ్ళలో మొదటిసారి అనుకుంటాను.

"నువ్వు వచ్చి చూపించు చిన్నమ్మా. ఆటో తెస్తాను."

"నా కాళ్ళు రావు. నా నోరు సూసి ఆ గుంట ఏటి సేసుకుంటాది? దానికి మీ యమ్మ నోరు కావాల. మీ యమ్మ మూతి నీకే వచ్చింది. నీకు నోరు నేదేటి?"

రెండు చుట్టలు చుట్టి ఇచ్చింది. "రెండెందుకు?" అంటే, "ఒకటి పాడు సేసుకుంటావు" అంది. ఎలాగో చెప్పింది. ముందు మామూలుగా వెలిగించి రాజుకోనివ్వాలి. అప్పుడు తిప్పి పెట్టాలి. నాలిక కిందికి అణుచుకోవాలి. నోరు తడి ఆరనివ్వకూడదు.

"లోపలికి పొగ మింగకు. నువ్వు సదువుకున్నదానివి, నీకు దగ్గొచ్చేత్తాది."

చుట్టలు చేతిసంచిలో పెట్టుకుని జంక్షన్లో దిగితే నా పాత స్టూడెంటు ఒకతను నమస్కారం పెట్టాడు. సంచి వెనక్కి పెట్టుకున్నాను.

డిసెంబరు 6, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం భీమిలి వెళ్ళాను. పిలవలేదు, నేనే వెళ్ళాను. ఇత్తడి దీపం సీను తీయబోతున్నారు. లైట్లు సర్దుతున్నారు. సాయమ్మ వరండా మెట్టు మీద కూర్చుని ఉంది, సముద్రం వైపు. నేను ఆమె పక్కన సముద్రానికి వీపు తిప్పి కూర్చున్నాను. సంచిలోంచి చుట్ట, అగ్గిపెట్టె తీశాను.

"టీచర్ గారూ, ఇక్కడ స్మోకింగ్..." అంటూ వచ్చి ఆశాజ్యోతి నా చేయి చూసి ఆగిపోయింది.

వెలిగించడం చేతకాక కాదు. చిన్నప్పుడు అమ్మ చుట్ట పొయ్యి దగ్గర నేనే వెలిగించి తెచ్చి ఇచ్చేదాన్ని. కానీ సముద్రం గాలికి రెండు పుల్లలు ఆరిపోయాయి. మూడో పుల్లకు అంటుకుంది. దగ్గాను. రాజుకుంది. తిప్పి పెట్టుకున్నాను.

నోట్లో నిప్పు ఉండటం నేను అనుకున్నట్టు లేదు. కాలదు. వేడి అంతా పైకి, అంగుడికి కొడుతుంది. ఆవిరి పట్టినట్టు ఉంటుంది. అమ్మ దీనితో అన్నం వార్చేది, తమ్ముణ్ణి ఎత్తుకునేది, నన్ను తిట్టేది.

సాయమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. వరండాలో వెలుతురు తగ్గుతోంది. లైట్ల వాళ్ళు ఏదో అడుగుతున్నారు.

అప్పుడు సాయమ్మ చిన్న గొంతుతో అంది. "దీపం."

దమ్ము లాగి, పెదవులు విడదీసి, నోరు తెరిచాను.

నా నోరు నాకు కనిపించదు. ఆమె ముఖం కనిపించింది. కుర్రాడు పట్టుకుంటే గానీ లేవలేని మనిషి, మెట్టు మీద మోకాళ్ళు ఆనించి, రెండు చేతులూ నేల మీద వేసి, నా ముఖం దగ్గరికి వచ్చింది. లోపలికి చూసింది. తర్వాత వెనక్కి పడి నవ్వింది. ఆపలేనంతగా నవ్వింది.

నాకు నవ్వొచ్చి నాలుక కదిలింది. కాలింది. చుట్ట ఊసేశాను.

"నీర్రు! నీర్రు!" అని అరిచింది సాయమ్మ. మరిచిపోయానన్న మాట అది. ముగ్గురు సీసాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

నోరు పుక్కిలించి ఆశాజ్యోతితో చెప్పాను. "మా అమ్మ చుట్ట తాగేది. ఇలాగే. నువ్వు అడిగినప్పుడు లేదని చెప్పాను. ఆమెకు చెప్పు."

ఆశాజ్యోతి చెప్పింది. సాయమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఈ నెల్లాళ్ళూ ముప్పై ఏళ్ళు అబద్ధం చెప్పాననుకున్నాను అంటున్నారండి. ఎందుకు లేదన్నారని అడుగుతున్నారు."

"మా అమ్మ దానితోనే పోయింది. అంగుడి మీద పుండు లేచి."

ఆశాజ్యోతి నా వైపు చూసింది. చెప్పమన్నాను. చెప్పింది.

సాయమ్మ చాలాసేపు నేల మీద పడి ఉన్న చుట్టను చూసింది. నవలలో ఆ వంటమనిషి చావదు. ఓడ వెళ్ళిపోతుంటే రేవులో నోరు తెరిచి నిలబడి ఉంటుంది. అక్కడ అయిపోతుంది.

"ఆ దీపమేనా అని అడుగుతున్నారండి."

"ఆ దీపమే."

తర్వాత ఆమె అడిగింది, ఆశాజ్యోతి చెప్పింది. "చివరి మాటలో అది కూడా రాయొచ్చా అంటున్నారు."

"రాయమను. ఈ నవ్వు కూడా రాయమను. రెండూ రాయమను."

డిసెంబరు 7, శనివారం

డైరెక్టరు ఇత్తడి దీపం తీయించేశాడు. అమ్మ వేషం వేసే అమ్మాయి పొద్దున్నుంచి ప్రయత్నించింది. తిప్పి పెట్టుకోగానే కళ్ళ వెంట నీళ్ళు. అది నటన కాదు. నాలుగోసారికి, "నా వల్ల కాదండీ, మా అమ్మ చంపేస్తుంది" అని కూర్చుండిపోయింది. పాపం.

నన్ను అడిగారు. ముఖం ఉండదట. చీకట్లో నోరు మాత్రం.

"కింద అక్షరాలు వేస్తారా?" అని అడిగాను.

"ఏ అక్షరాలండి?" అంది ఆశాజ్యోతి.

"పొగ తాగడం హానికరం అని."

"వేస్తాం టీచర్ గారూ. రూలే అది."

"పెద్దగా వేయండి. మా అమ్మ విషయంలో అది నిజం" అన్నాను.

చిన్నమ్మ ఇచ్చిన రెండో చుట్ట దానికి పనికొచ్చింది. సాయమ్మ కెమెరా పక్కన నిలబడి, వాళ్ళు చెప్పమన్నప్పుడు "దీపం" అంది. వేషం వేసే చిన్నపిల్ల గొంతు తర్వాత పెడతారట. ఈసారి నాలుక కదపలేదు.

డిసెంబరు 9, సోమవారం

సాయమ్మ నిన్న వెళ్ళిపోయింది. విమానాశ్రయానికి వెళ్ళలేదు. తెల్లవారుజామున అంబలి కాచి ఫ్లాస్కులో పోసి ఆశాజ్యోతికి ఇచ్చాను. మొత్తం తాగేశారని ఫోను చేసి చెప్పింది. ఫ్లాస్కు తర్వాత పంపుతానంది. పంపకపోయినా పరవాలేదు.

తమ్ముడు వచ్చాడు. "ముప్పై యేళ్ళు పాఠాలు సెప్పినావు, నీ నోరు ఎవలైనా పట్టించుకున్నారేటి అప్పా? ఒక్క సుట్టకి సినిమాకెక్కిపోనాది" అని వీధి వినేలా నవ్వాడు. కాఫీ తాగాడు. చక్కెర సరిపోయిందన్నాడు. ఈ రోజు నేను వేయడం మరిచిపోయాను.

వాడు వెళ్ళాక అంగుట్లో మంట ఎక్కువైంది. కిటికీ దగ్గర వెలుతురులో అద్దం పట్టుకుని నోరు తెరిచాను. పైన, నడుమ, చిన్న బొబ్బ. దాని చుట్టూ ఎరుపు. నాలుగు రోజుల్లో మానిపోతుంది.

మూతి అచ్చం అమ్మదే. చిన్నమ్మ చెప్పింది నిజం.

ఆసుపత్రిలో ఆ రోజు క్యాలెండరు చూశాను. ఈ రోజు లోపలికి చూశాను, చేయి నొప్పి పుట్టేదాకా.

తర్వాత మజ్జిగన్నం కలుపుకుని తిన్నాను. కారం ఏదీ వేసుకోలేదు.